గుర్రపుశాలలో వుడ్ పెల్లెట్లు పరిచే ముందు

వుడ్ పెల్లెట్లంటే రంపపు పొట్టును గట్టిగా నొక్కి చేసిన చిన్న గుళికలు, గుర్రం కింద పరుపుగా వేస్తారు. ముందు గుర్రాన్ని బయట కట్టేయండి. పొడి పెల్లెట్ల మీద గిట్టలు జారతాయి.

బస్తా మీద రాసింది చదవండి. పొయ్యిల కోసం చేసిన కొన్ని రకాల్లో బాగా మండటానికి ఏవేవో కలుపుతారు, అవి వద్దు. బ్లాక్ వాల్‌నట్ చెక్క అయితే అసలే వద్దు. దాని పొట్టు మీద నిలబడినా చాలు, ఒక్క రోజులోనే గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం నడవలేకపోవచ్చు.

దాణా బస్తాల పక్కన వీటిని పెట్టకండి. గుళికల దాణా, ఇవీ చూడటానికి ఒకేలా ఉంటాయి. పొరపాటున తింటే గొంతులో ఉబ్బి అడ్డం పడొచ్చు.

నీళ్లు కొద్దికొద్దిగా చల్లండి. పావుగంటలో ఉబ్బి, రంపపు పొట్టులా విడిపోతాయి. గుప్పెట్లో పిండితే నీరు కారకూడదు. కారిందా, బూజు పట్టడం ఖాయం. మరీ పొడిగా వదిలేస్తే దుమ్ము లేస్తుంది, దగ్గుండే గుర్రానికి అది ఇంకా ఇబ్బంది. బస్తా విప్పేటప్పుడు మీరూ మాస్కు పెట్టుకోండి.