వానలకు ముందే టైర్లు చూసుకోండి: స్పోర్ట్స్ బైకు నడిపేవాళ్లకు జాగ్రత్తలు

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండల్లో హైదరాబాద్ రోడ్ల మీద దాదాపు ఏ టైరైనా బాగానే పట్టుకుంటుంది. గట్టిపడిన రబ్బరు సంగతి మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాకే బయటపడుతుంది. నెలల తరబడి తారులో పేరుకున్న ఆయిలు, దుమ్ము ఆ జల్లుకు పైకి తేలతాయి. రోడ్డు ఎక్కువగా జారేది కుండపోతలో కాదు, ఆ మొదటి పావుగంటలోనే. ఆర్15, డ్యూక్, ఆర్‌సీ, అపాచీ ఆర్‌ఆర్ 310, నింజా లాంటి బండ్లున్నవాళ్లు టైర్లు మార్చాలా వద్దా అన్నది మే నెలలోనే తేల్చుకోవాలని గట్టిగా చెప్పేది ఇందుకే. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. అది కాస్త గరుకెక్కడానికి 150 కిలోమీటర్లయినా నెమ్మదిగా, పొడి రోడ్డు మీద నడపాలి. ముసురు పట్టాక టైర్లు వేయిస్తే ఆ పొడి రోడ్డు ఎక్కడ దొరుకుతుంది?

ముందు ఉన్న టైర్లను చూడండి. ట్రెడ్ అంటే టైరు రోడ్డును తాకే భాగం. దాని గాడుల అడుగున అక్కడక్కడా చిన్న దిమ్మలు ఉంటాయి. టైరు పక్క గోడ మీద టీడబ్ల్యూఐ అని రాసిన చోట లోపలికి చూస్తే కనిపిస్తాయి. ట్రెడ్ అరిగి ఆ దిమ్మలకు సమానమైతే టైరు పని అయిపోయినట్టే. టూవీలర్‌కు చట్టం అడిగే కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు. నా మాట అడిగితే, వానాకాలంలోకి 2 మిల్లీమీటర్ల కంటే తక్కువతో వెళ్లొద్దు. సిటీ ట్రాఫిక్‌లో ఎప్పుడూ నిటారుగా నడవడం వల్ల వెనక టైరు మధ్యలో చదునుగా అరుగుతుంది. అంచుల్లో ట్రెడ్ నిండుగా కనిపిస్తున్నా మధ్యలో గుండు అయి ఉండొచ్చు. మలుపులో బండి వంచినప్పుడు ఆ చదును అంచు దగ్గర బండి ఒక్కసారిగా పడినట్టు అనిపిస్తే, లోతు కొలవక్కర్లేదు, మార్చేయండి.

అరుగుదలతో పాటు వయసూ చూడాలి. పక్క గోడ మీద గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 1825 అంటే 2025వ సంవత్సరం 18వ వారంలో తయారైందని. ఐదేళ్లు దాటిన టైరు చూడ్డానికి ఎంత బాగున్నా తడిలో నమ్మదగ్గది కాదు, ముఖ్యంగా రోజంతా ఆఫీసు ముందు ఎండలో నిలబడ్డ బండిది. సన్నటి పగుళ్లు కనిపిస్తే ఇంక ఆలోచన వద్దు. కొత్త టైరు కొనేటప్పుడూ ఇదే గడి చూడండి. రాణిగంజ్‌లో కొన్నా, మీ కాలనీలో కొన్నా, ఏడాది దాటిన సరుకు ఇస్తే వేరేది అడగండి. అడగడానికి మొహమాటం అక్కర్లేదు. ఐఎస్ఐ గుర్తు కూడా చూసుకోండి.

ఇప్పుడు సైజు. మన కుర్రాళ్లు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. 140/70 ఆర్17 ఉన్న వెనక చక్రానికి 150/60 వేయిస్తే బండి లుక్ వస్తుందని ఎవరో ఒకరు చెబుతారు. లెక్క చూడండి. మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది అందులో ఎంత శాతం ఎత్తో చెబుతుంది. 140లో 70 శాతం 98 మిల్లీమీటర్లు. 150లో 60 శాతం 90. అంటే వెనక భాగం 8 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. చురుగ్గా తిరగాల్సిన బండి మలుపులో మొండికేస్తుంది. పైగా ఆ వెడల్పుకు సరిపడని రిమ్ములో ఇరికిస్తే టైరు నడుం ఉబ్బి ఆకారం మారిపోతుంది, తయారీదారు అనుకున్నట్టు రోడ్డును తాకదు. చైన్ గార్డుకు రాసుకునే బండ్లూ ఉన్నాయి. వెడల్పు పెరిగినంత మాత్రాన తడిలో పట్టు పెరగదు. కంపెనీ ఇచ్చిన సైజే వేయించండి.

సైజు పక్కన 66హెచ్ లాంటిది ఉంటుంది. 66 అంటే 300 కిలోల బరువు మోయగలదని, హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగానికి సరిపోతుందని. పాత టైరు మీద ఉన్నదానికంటే తక్కువ రేటింగ్‌ది తీసుకోకండి. టైరు లోపలి దారాల పొరలు అడ్డంగా నేరుగా ఉంటే రేడియల్ (సైజులో ఆర్ అంటే ఇదే), ఏటవాలుగా ఉంటే బయాస్. ఈ విషయంలోనూ కంపెనీ పెట్టిన జతనే ఉంచండి. ఆర్15 వీ4కు ముందు బయాస్, వెనక రేడియల్ వస్తాయి. అది సరైన జతే. దాన్ని తిరగేసి ముందు రేడియల్, వెనక బయాస్ వేయడం మాత్రం ప్రమాదం.

ఏ రకం టైరన్నది మీరు తిరిగే దారిని బట్టి నిర్ణయించుకోవాలి. గచ్చిబౌలి, హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో వానలో వెళ్తుంటే టైరు వేడెక్కదు. రేసు ట్రాక్ కోసం చేసిన, గాడులు తక్కువున్న మెత్తని టైరు వేడెక్కితేనే పట్టు ఇస్తుంది. చల్లటి తడి రోడ్డు మీద దాని పేరు ఎంత గొప్పదైనా లాభం లేదు. సిలికా ఎక్కువ కలిపిన రబ్బరు చల్లగా ఉన్నప్పుడు కూడా పట్టుకుంటుంది. స్పోర్ట్ టూరింగ్ అని పిలిచే రకంలో ఇది ఎక్కువ. చాలామంది గాడుల డిజైన్ చూసి తడి పట్టును అంచనా వేస్తారు. బైకు టైరు గుండ్రంగా ఉంటుంది కాబట్టి సిటీ వేగాల్లో నీటిని అదే పక్కలకు తోసేస్తుంది, అక్కడ కాపాడేది రబ్బరు. గాడుల విలువ తెలిసేది శ్రీశైలం హైవే లాంటి చోట, నీళ్లు నిలిచిన దారిలో వేగంగా వెళ్లేటప్పుడే.

అపాచీ ఆర్‌ఆర్ 310కు 2020 నుంచి మిషెలిన్ రోడ్ 5 అనే స్పోర్ట్ టూరింగ్ టైర్లు కంపెనీ నుంచే వచ్చాయి. 110/70, 150/60 సైజులు వాడే మిగతా బండ్లవాళ్లూ ఆ తరహా టైర్లను పరిశీలించొచ్చు. పిరెల్లీ డయాబ్లో రోస్సో, అపోలో ఆల్ఫా హెచ్1, టీవీఎస్ యూరోగ్రిప్ ప్రొటార్క్ ఎక్స్‌ట్రీమ్ కూడా స్పోర్ట్స్ బండ్ల కోసం చేసినవే. ఆదివారం అనంతగిరి మలుపులకు వెళ్లినా, మిగతా ఆరు రోజులు ఆఫీసుకే తిరిగే బండి అయితే ఆ ఆరు రోజులకే కొనమంటాను. డబ్బు సరిపోక ఒక్క టైరే మార్చాల్సి వస్తే, రెండూ ఒకేలా అరిగి ఉంటే ముందుది మార్చండి. వెనక జారితే చాలాసార్లు నిలదొక్కుకోవచ్చు. ముందు చక్రం జారితే ఆ అవకాశం దాదాపు ఉండదు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. గునపాల్లాంటి లీవర్లతో కాకుండా మెషిన్ మీద వేసే షాపుకే వెళ్లండి. అల్లాయ్ గీసుకుపోదు, చక్రం వేగాన్ని ఏబీఎస్ బ్రేకులకు తెలిపే రింగు వంగదు. టైరు మీది బాణం చక్రం తిరిగే వైపే ఉండాలి. వాల్వు కొత్తది వేయించండి, బ్యాలెన్సింగ్ చేయించండి. మెరుపు కోసం పాలిష్ రాస్తామంటే ఒప్పుకోవద్దు, అది ట్రెడ్ మీదికి జారితే మొదటి మలుపులోనే పడతారు. బయల్దేరే ముందు బ్రేకులు రెండు మూడుసార్లు నొక్కి పట్టు తెచ్చుకోండి.

వానలో గ్రిప్ కోసం గాలి తగ్గించమని చెప్పేవాళ్ల మాట వినకండి. గాలి తగ్గితే గాడులు మూసుకుని నీళ్లు బయటికి పోవు. బండి మీద స్టిక్కర్ చెప్పినంతే, పొద్దున బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ అతుకుల ఇనుము మీద కొత్త టైరు కూడా జారుతుంది, అక్కడ బండి వంచొద్దు, ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు. రెండు వందల కిలోమీటర్లు తిరిగాక చైన్ బిగువు, వెనక యాక్సిల్ నట్టు మళ్లీ ఒకసారి చూపించండి.