ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థం: ఒక రోజు నడకకు సిద్ధమయ్యేదెలా

తిరుమల కొండల్లోని తుంబురు తీర్థం ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లే చోటు కాదు. ఫాల్గుణ పౌర్ణమికి అక్కడ తీర్థ ముక్కోటి, అంటే పుణ్యస్నానాల పండుగ జరుగుతుంది. భక్తులను అప్పుడే వదులుతారు. మిగతా రోజుల్లో అది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు లోపలి అడవి. దారి తెలిసిన కుర్రాడు ఒకడున్నాడు, ఎప్పుడైనా తీసుకెళ్తాడు అని ఎవరైనా చెబితే దయచేసి వినొద్దు. చిరుతలు, ఏనుగులు తిరిగే అడవి అది.

పంచాంగంలో తేదీ చూసుకుని, వారం ముందు నుంచే టీటీడీ ప్రకటన కోసం కనిపెట్టుకుని ఉండండి. లోపలికి వదిలే వేళలు ఏటా ఒకేలా ఉండవు. గుండె జబ్బు, ఆస్తమా, ఊబకాయం ఉన్నవాళ్లు రావొద్దని చెబుతారు, ఆ మాట పాటించాల్సిందే. మా అత్తకు ఆస్తమా. కవయిత్రి తరిగొండ వెంగమాంబ తపస్సు చేసిన కోన అని చిన్నప్పటి నుంచి విని ఉండటంతో ఆమెకు వెళ్లాలని ఎంతో ఆశ. అయినా ఆమెను పాపవినాశనం దగ్గరే స్నానం చేయించి, తోడుగా మా ఆడబిడ్డను ఉంచి మేం ముందుకు వెళ్తాం.

నడక పాపవినాశనం డ్యాం నుంచి మొదలవుతుంది. అక్కడికి తిరుమల నుంచి ఆర్టీసీ బస్సులుంటాయి. ముక్కోటి రోజు సొంత బండ్లను మామూలుగా గోగర్భం దగ్గరే ఆపేస్తారు కాబట్టి బస్సునే నమ్ముకోండి. ముందు రాత్రి కొండ మీదే గది దొరికితే మంచిది. తెల్లారేసరికి నడక మొదలుపెట్టినవాళ్లకూ, తొమ్మిది దాటాక బయల్దేరినవాళ్లకూ చాలా తేడా ఉంటుంది. ఆలస్యమైతే ఎండ ఒక పక్క, కోన లోపల జనం ఇంకో పక్క. అదే సాయంత్రానికి దర్శనం టికెట్ మాత్రం పెట్టుకోకండి. ఆ టెన్షన్‌తో రాళ్ల మీద తొందరపడతారు.

అన్నిటికన్నా ముఖ్యం చెప్పులు. ఈ దారిలో సగం బండలు, సగం నీళ్లు. వెనక పట్టీ ఉండి, అడుగున గాడులు అరగని శాండిల్స్ వేసుకోండి. హవాయి చెప్పులు వాగులో కొట్టుకుపోతాయి, కొత్త బూట్లు తడిస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి. జీన్స్ వద్దు, తడిస్తే బరువు. ఆడవాళ్లకు చీర కన్నా త్వరగా ఆరే చుడీదార్ నయం, చున్నీ నడుముకు గట్టిగా కట్టేసుకోండి. తిరుమలలో ప్లాస్టిక్ సీసాలు నిషేధం కాబట్టి స్టీలు బాటిల్ పట్టుకెళ్లండి, మనిషికి రెండు లీటర్లు. ఫోన్‌కు నీళ్లు చొరని కవరు, ఒక జత పొడి బట్టలు తప్పనిసరి. పాపవినాశనం దగ్గర అన్నప్రసాదం, మజ్జిగ పెడతారు. దారికి మాత్రం వేయించిన చెనిక్కాయలు, బెల్లం, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు చాలు. పెరుగన్నం వద్దు, ఎండకు పులిసిపోతుంది.

దారిలో తల వంచుకుని నడిచేయకండి. ఫాల్గుణంలో ఈ అడవి చాలావరకు ఆకు రాల్చి ఉంటుంది. ఆ మోడుల మధ్య కొండగోగు ఒక్క ఆకు లేకుండా పసుపుపచ్చటి పూలతో నిలబడి ఉంటుంది. ఎర్రచందనాన్ని బెరడు చూసి పట్టుకోవచ్చు: నల్లగా, మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కింద వెతికితే దాని కాయలు దొరుకుతాయి. మధ్యలో గింజ, చుట్టూ గుండ్రంగా పల్చటి రెక్క. చూసి అక్కడే వదిలేయండి. ప్రపంచంలో ఈ చెట్టు సహజంగా పెరిగేది ప్రధానంగా మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లోనే.

ఎండుగడ్డి మధ్య బీడీ, సిగరెట్ సంగతి సరే, కర్పూరం, అగరొత్తులు కూడా వెలిగించొద్దు. 2014 మార్చిలో ఈ కొండల్లో అంటుకున్న మంటలను ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. స్వామికి దణ్ణం పెట్టుకోవడానికి నిప్పు అక్కర్లేదు కదా.

ఇక కోన. రెండు కొండలు ఎదురెదురుగా నిలువునా లేచి, మధ్యలో ఇరుకు సందు మిగులుతుంది. తీర్థానికి దారి ఆ సందులో పారే నీళ్లలోంచే. ఈ ప్రాంతానికి ప్రధానంగా వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు వరకు. ఆ ఊట ఫాల్గుణానికి ఉధృతి తగ్గి, నడవడానికి వీలుగా ఉంటుంది. అయినా కొన్నిచోట్ల నడుము దాకా, ఛాతీ దాకా లోతు వస్తుంది. తాడు కట్టిన చోట దాన్ని వదలకండి. నీళ్లలో పాదం ఎత్తి వేయొద్దు, అడుగున జరుపుతూ ముందు రాయి కదులుతుందో లేదో చూసుకుని అప్పుడు బరువు వేయండి. పాచి పట్టిన ఏటవాలు బండ మీద నిలబడి దిగాలని చూడకండి, కూర్చుని జారండి. మా చిన్నాయన నేర్పిన పద్ధతి ఇది, మోకాళ్లు కాపాడుతుంది. వెనకవాళ్లు 'అక్కా, చెయ్యి ఇయ్యక్కా' అంటారు. ముందు మీ కాళ్లు కుదురుకున్నాకే ఇవ్వండి, లేకపోతే ఇద్దరూ పడతారు. చరియలకు తేనెపట్లు ఉండొచ్చు, కేకలు పెట్టకండి, రాళ్లు విసరకండి.

లోపల ఎంత బాగున్నా మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వెనక్కి తిరగండి. వచ్చేటప్పుడు కాళ్లు అలసి ఉంటాయి, దెబ్బలు ఎక్కువగా తగిలేది అప్పుడే. పిల్లల్ని మధ్యలో పెట్టుకుని, గుంపు వదలకుండా నడిచి, వెలుతురు ఉండగానే పాపవినాశనం చేరుకోండి. అక్కడ బట్టలు మార్చుకుని, మజ్జిగ తాగి బస్సెక్కితే సాయంత్రానికి తిరుమలలో ఉంటారు.