ఇటలీలో ఫుడ్, వైన్ టూర్‌కు ఎలా వెళ్లాలి?

ఇటలీ దాకా వెళ్లి, హోటల్ గదిలో తలుపు వేసుకుని పులిహోర పొట్లం విప్పేవాళ్లు మా అనంతపురంలో చాలామందే ఉన్నారు. నేనూ విప్పాను, తప్పేమీ లేదు. అయితే ఒక్క పూటైనా అక్కడి తిండిని, దాని సంగతి తెలిసిన మనిషి పక్కనుండి చెబుతుంటే తినాలి. గైడ్ వెంట తిరిగే టూర్ అందుకే. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో రెండుసార్లు అలా తిరిగాం. మొదటిది చెడింది, రెండోది కుదిరింది. బుక్ చేసేముందు అడిగిన నాలుగు ప్రశ్నల వల్లే ఆ తేడా వచ్చింది.

ముందు ఎలాంటి టూర్ కావాలో తేల్చుకోండి. అక్కడి ఫ్లోరెన్స్ నగరం సందుల్లో నడిపిస్తూ ఐదారు చోట్ల కొంచెం కొంచెం తినిపించేది ఒక రకం. వ్యానులో ఎక్కించుకుని, ఫ్లోరెన్స్‌కూ సియెనాకూ మధ్య ఉన్న కియాంతి కొండల్లోని ద్రాక్షతోటలకు తీసుకెళ్లేది రెండో రకం. వైన్ సంగతి తెలుసుకోవాలంటే రెండోదే మేలు. అద్దె కారులో సొంతంగా వెళ్లే ఆలోచన మానుకోండి. ఆ కొండదారి నిండా మెలికలే. పైగా అక్కడ లీటరు రక్తంలో 0.5 గ్రాముల ఆల్కహాల్ దాటితే బండి నడపకూడదు. సెప్టెంబరులో వెళితే ద్రాక్ష కోత కళ్లారా చూడవచ్చు. ఆగస్టు 15 అక్కడ కూడా సెలవే, ఆ రోజుల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

తరువాత గుంపులో ఎంతమంది ఉంటారో అడగండి. పదిమంది దాటితే గైడ్ మాట వెనకవాళ్లకు చేరదు.

అన్నిటికన్నా ముఖ్యం, మీరు ఏమేమి తినరో ముందే రాతపూర్వకంగా చెప్పడం. మొదటిసారి మేము చెప్పలేదు. కూర్చోగానే కాల్చిన రొట్టె ముక్కల మీద గోధుమరంగు ముద్ద రాసి తెచ్చారు. పల్లీల పచ్చడి కాబోలనుకుని మా ఆవిడ చెయ్యి చాచింది. అది కోడి కాలేయం. ఆ పూటంతా ఆమె ఉత్త రొట్టెతో సరిపెట్టుకుంది. ‘శాకాహారి’ అన్న ఒక్క మాట చాలదు, చేపలు తింటారేమో అనుకునేవాళ్లున్నారు. మాంసం, చేప, గుడ్డు అని విడివిడిగా రాయండి. జున్ను (చీజ్) సంగతి కూడా అడగాలి. పార్మిజానో రెజ్జానో అనే జున్ను తయారీలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మాంసం తినేవాళ్లకూ ఒక హెచ్చరిక: ఫ్లోరెన్స్ బండ్ల మీద అమ్మే లాంప్రెదొత్తో చూడగానే మన బోటీ గుర్తొస్తుంది, కానీ అది ఆవు పొట్ట. శాకాహారులు టమాటా, రొట్టె కలిపి ఉడికించే ‘పప్పా అల్ పొమొదోరో’ అడగవచ్చు, మాంసం నీళ్లు పోయలేదని నిర్ధారించుకున్నాకే.

రొట్టె నోట్లో పెట్టుకోగానే ఉప్పు మరిచిపోయారని అనుకోకండి. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు. రెండో టూర్‌లో గైడ్ ఆ మాట చెబుతుంటే నాకు మా ఇంటి రాగి సంకటి గుర్తొచ్చింది. మా అమ్మా అందులో ఉప్పు వేయదు, కారం, ఉప్పు అంతా పక్కనున్న పులుసుదే. అక్కడ ఆ పని ఉప్పటి పెకొరీనో జున్ను చేస్తుంది. విడిగా తింటే ఆ రొట్టె చప్పిడే, కలిపి తినండి.

ఇక వైన్. ఖాళీ కడుపుతో మొదలుపెట్టకండి. వైన్‌లో ఆల్కహాల్ సుమారు 13 శాతం, బీరుకు రెండింతల పైమాటే. గ్లాసును కాడ దగ్గర పట్టుకోండి, గిన్నె భాగాన్ని పట్టుకుంటే చేతి వేడికి వైన్ వెచ్చబడుతుంది. మెల్లగా తిప్పి, వాసన చూసి, ఒక్క గుక్క నోరంతా ఆడించండి. నేరేడు పళ్లు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటుంది కదా, ఆ వగరే కనిపెట్టాల్సింది. అది ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ వస్తుంది. కియాంతి క్లాసికో అనే అక్కడి వైన్ అయితే సీసా మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉంటుంది, కనీసం 80 శాతం సాంజోవేజె ద్రాక్ష ఉండాలన్నది నియమం. రుచి చూసి ఉమ్మేయడానికి పాత్ర పెడతారు. ఉమ్మేస్తే ఎవరూ ఏమీ అనుకోరు, మొదట నేనే మొహమాటపడి మింగి, మధ్యాహ్నం తోట చూడకుండా వ్యానులో నిద్రపోయాను. అసలు తాగనివాళ్లు ముందే చెబితే ద్రాక్షరసమో నీళ్లో ఇస్తారు.

చాలా తోటల్లో ఆలివ్ నూనె కూడా రుచి చూపిస్తారు. గానుగ నూనె వాసన తెలిసిన మనవాళ్లు దీన్ని వైన్ కన్నా త్వరగా పట్టుకుంటారు. గొంతులో కాస్త ఘాటుగా తగిలితే అది పాడైనట్టు కాదు, మంచి తాజా నూనె లక్షణమే. కొనేటప్పుడు సీసా మీద ఏ ఏడాది కోతో చూడండి. 100 మిల్లీలీటర్లు దాటిన సీసాను చాలా విమానాశ్రయాల్లో చేతి సంచిలో రానివ్వరు. తువ్వాలులో చుట్టి, ప్లాస్టిక్ కవరులో కట్టి, పెద్ద పెట్టెలో బట్టల మధ్య పెట్టండి.