పాత ల్యాప్‌టాప్‌లో మళ్లీ విండోస్ ఎక్కించడం – నాలుగో పాఠం: డిస్కు పేజీ దగ్గర ఆగిపోయినవారికి

ఈసారి డ్రైవర్ల (వైఫై వంటి భాగాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాముల) గురించి చెబుతానని మూడో పాఠం చివర మాట ఇచ్చాను. ఆ మాట తప్పుతున్నాను, ఎందుకంటే డ్రైవర్ల దాకా చేరినవారు బహు కొద్దిమంది. వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు రెండే ఫిర్యాదులున్నాయి. పెన్‌డ్రైవ్ బూట్ మెనూలో (యంత్రం ఆన్ కాగానే దేని నుంచి లేవాలో ఎంచుకునే జాబితాలో) కనిపించనే లేదన్నది ఒకటి. కనిపించి, సెటప్ మొదలై, డిస్కు ఎంచుకునే పేజీకి రాగానే ‘నెక్స్ట్’ బటన్ పాలిపోయి ముందుకు కదలనివ్వలేదన్నది రెండోది.

మొదటిదానికి తప్పు పూర్తిగా నాదే. సెటప్ పెన్‌డ్రైవ్‌లు తయారుచేసే రూఫస్ అనే ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్ తయారుచేసేటప్పుడు అందులో ఉన్న సెట్టింగులను అలాగే వదిలేయమని రాశాను. విండోస్ ఐఎస్‌ఓ ఫైలును (సెటప్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేదానిని) చూపించగానే రూఫస్ ‘పార్టిషన్ స్కీమ్’ గడిలో జీపీటీ (డిస్కు భాగాల పట్టికలో కొత్త రకం; పాత రకం ఎంబీఆర్) అనీ, ‘టార్గెట్ సిస్టమ్’ గడిలో యూఈఎఫ్‌ఐ (యంత్రం లేచే కొత్త పద్ధతి; పాతది బయోస్) అనీ తనంతట తానే నింపుకుంటుంది. నా బల్ల మీద ఉన్నది 2014 నాటి యంత్రం కాబట్టి నాకు ఏ ఇబ్బందీ ఎదురుకాలేదు. విండోస్ 8 వచ్చినది 2012 అక్టోబర్‌లో; దానితో అమ్మకానికి వచ్చిన ల్యాప్‌టాప్‌లు యూఈఎఫ్‌ఐ పద్ధతిలో బూట్ అవుతాయి. అంతకు ముందువాటిలో ఎక్కువ భాగం పాత బయోస్ పద్ధతిలోనే లేస్తాయి, వాటికి వేరే దారి తెలియదు. అలాంటి యంత్రానికి జీపీటీ పెన్‌డ్రైవ్ గుచ్చితే మెనూలో దాని పేరు కనబడకపోవచ్చు, లేదా పేరు కనబడినా, ఎంచుకున్న తరువాత నల్లటి తెర మీద కర్సర్ మిణుకుమంటూ ఉండిపోవచ్చు. రూఫస్‌ను మళ్లీ తెరిచి, పార్టిషన్ స్కీమ్‌ను ఎంబీఆర్‌కు మార్చి, పెన్‌డ్రైవ్‌ను మరోసారి రాయించండి. మొదటి ఫిర్యాదుకు అంతకు మించిన చికిత్స అవసరం లేదు.

నిజానికి నాకు రూఫస్ కంటే మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్ మీదే గురి ఎక్కువ. అది తయారుచేసిన పెన్‌డ్రైవ్ రెండు పద్ధతుల్లోనూ లేస్తుంది. అయితే ఆ సౌకర్యమే చాలామందిని రెండో ఫిర్యాదులోకి దింపింది కాబట్టి దాని గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు.

రెండు పద్ధతులూ తెలిసిన ల్యాప్‌టాప్‌లో బూట్ మెనూ తెరిచినప్పుడు జాగ్రత్తగా చూడండి. గుచ్చినది ఒకటే పెన్‌డ్రైవ్ అయినా దాని పేరు రెండుసార్లు ఉంటుంది: ఒక వరుసలో పేరుకు ముందు ‘యూఈఎఫ్‌ఐ’ అని ఉంటుంది, మరో వరుసలో ఉత్త పేరే ఉంటుంది. కొన్ని యంత్రాల్లో ఈ రెండూ ‘లెగసీ బూట్’, ‘యూఈఎఫ్‌ఐ బూట్’ అనే రెండు శీర్షికల కింద విడివిడిగా కనిపిస్తాయి. రెండూ ఒకటే కదా అని మనం పైనున్నదానిని నొక్కేస్తాము. రెండింటిలో దేనిని నొక్కినా అదే ఊదారంగు తెర, అదే భాష ఎంపిక, అదే ‘ఇన్‌స్టాల్ నౌ’ కనిపిస్తాయి గనుక అనుమానం కలిగే అవకాశమే లేదు. తేడా డిస్కు పేజీలో బయటపడుతుంది.

బయోస్ పద్ధతిలో లేచిన విండోస్ సెటప్ ఎంబీఆర్ డిస్కునే కోరుకుంటుంది; యూఈఎఫ్‌ఐ పద్ధతిలో లేచినది జీపీటీ డిస్కునే కోరుకుంటుంది. ఎంబీఆర్, జీపీటీ అన్నవి డిస్కు మొదట్లో ఉండే విషయసూచిక వంటివి: ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందులో రాసి ఉంటుంది. ఎంబీఆర్ పాతది, నాలుగు ప్రధాన భాగాలకు, సుమారు 2 టెరాబైట్ల పరిమాణానికి మించి పట్టించుకోలేదు. జీపీటీ కొత్తది, డిస్కు చివర తన నకలును కూడా దాచుకుంటుంది. సెటప్ లేచిన పద్ధతికీ డిస్కు విషయసూచికకూ పొత్తు కుదరకపోతే, భాగాల పట్టిక కింద పసుపు త్రిభుజంతో ఒక వాక్యం వస్తుంది. దాని మీద నొక్కితే ‘ది సెలెక్టెడ్ డిస్క్ ఈజ్ ఆఫ్ ది జీపీటీ పార్టిషన్ స్టైల్’ అని గానీ, డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉన్నదనీ ఈఎఫ్‌ఐ వ్యవస్థల్లో జీపీటీ డిస్కు మీదే విండోస్ ఎక్కుతుందనీ గానీ చెబుతుంది.

ఈ వాక్యాన్ని చదివినవారు డిస్కు చెడిపోయిందని అనుకుంటారు. డిస్కుకు ఏమీ కాలేదు. సెటప్‌ను మూసివేసి, యంత్రాన్ని మళ్లీ ఆన్ చేసి, బూట్ మెనూలో ఇందాక నొక్కని వరుసను నొక్కితే చాలు. డిస్కు జీపీటీ అయితే యూఈఎఫ్‌ఐ అని ఉన్న వరుసను, ఎంబీఆర్ అయితే ఉత్త పేరున్న వరుసను ఎంచుకోవాలి. ఉత్త పేరున్న ఆ వరుస మెనూలో కనిపించకపోతే బయోస్ సెట్టింగుల్లో పాత పద్ధతిని అనుమతించే ‘లెగసీ సపోర్ట్’ లేదా ‘సీఎస్‌ఎం’ అన్నది ఆపివేసి ఉందేమో చూడండి. దానిని ఆన్ చేయాలంటే చాలా యంత్రాల్లో ముందుగా సెక్యూర్ బూట్‌ను (ఆమోదం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే రక్షణను) ఆపవలసి ఉంటుంది.

ఇంత తేలికైన పరిష్కారం ఉండగా, ఎక్కడ చూసినా దొరికే సలహా మరొకటి ఉంది: షిఫ్ట్, ఎఫ్10 మీటలు కలిపి నొక్కి, వచ్చిన ఆదేశాల కిటికీలో డిస్క్‌పార్ట్ అనే డిస్కు సాధనాన్ని తెరిచి, డిస్కును ఎంచుకుని, ‘క్లీన్’ అని కొట్టి, ఆపైన ‘కన్వర్ట్ జీపీటీ’ అని కొట్టడం. ఎలుకల బాధ పడలేక ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. మా వీధిలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఈ సలహానే పాటించారు. క్లీన్ అన్నది సీ డ్రైవ్‌ను మాత్రమే తుడుస్తుందని ఆయన అనుకున్నారు. డీ డ్రైవ్‌లో పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు, కూతురి పెళ్లి ఫొటోలు ఉన్నాయి. ఎంటర్ నొక్కిన క్షణంలోనే ‘డిస్క్‌పార్ట్ సక్సీడెడ్ ఇన్ క్లీనింగ్ ది డిస్క్’ అని వచ్చింది. మీరు నిశ్చయంగానే ఉన్నారా అని అది ఒక్కమాటు కూడా అడగదు. సీ, డీ అనేవి రెండు డిస్కులని మనం మాటవరసకు అనుకుంటాము గానీ, చాలా ల్యాప్‌టాప్‌లలో అవి ఒకే డిస్కులోని రెండు భాగాలు, క్లీన్ ఆ డిస్కు విషయసూచికను మొత్తంగా చెరిపేస్తుంది.

ఆయన అదృష్టం కొద్దీ అక్కడితో ఆగి మా ఇంటికి వచ్చారు. క్లీన్ విషయసూచికనే చెరుపుతుంది, పుటలను కాదు. కొత్త భాగాలు సృష్టించి విండోస్ ఎక్కించనంత వరకు లోపలి సమాచారం చాలావరకు అలాగే ఉంటుంది. డిస్కును ఊడదీసి, మరో కంప్యూటర్‌కు తగిలించి, టెస్ట్‌డిస్క్ అనే ఉచిత ప్రోగ్రాముతో పోయిన భాగాలను వెదికించి, పట్టికను తిరిగి రాయించాము. ‘క్లీన్ ఆల్’ అని కొట్టి ఉంటే ప్రతి సెక్టార్‌లోనూ సున్నాలు నిండిపోయేవి, అప్పుడు ఎవరూ చేయగలిగింది ఉండేది కాదు. కొత్తగా కొన్న ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు) మీద, లేదా లోపల ఏమీ లేదని ఖాయంగా తెలిసిన డిస్కు మీద క్లీన్ కొట్టండి, అభ్యంతరం లేదు. ఎంబీఆర్ డిస్కును సమాచారం పోకుండా జీపీటీగా మార్చే ‘ఎంబీఆర్2జీపీటీ’ అనే సాధనం విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఉన్నది గానీ నేను వాడను. 500 జీబీ డిస్కున్న పాత యంత్రానికి ఎంబీఆర్ ఉంటే వచ్చే నష్టమేమీ లేదని నా అభిప్రాయం.

మిగిలిన ఫిర్యాదులకు క్లుప్తంగా జవాబు చెబుతాను. ఫైళ్లు కాపీ అవుతుండగా 0x8007025D లేదా 0x80070570 అనే ఎర్రర్ సంఖ్య వస్తే సెటప్‌కు ఫైళ్లు సరిగా చదవడానికి రావడం లేదని అర్థం. ముందు పెన్‌డ్రైవ్‌ను మరో పోర్టుకు మార్చండి, వీలైతే నీలిరంగు కాని పోర్టుకు. తరువాత మరో పెన్‌డ్రైవ్ మీద కొత్తగా రాయించండి. అప్పటికీ అదే సంఖ్య కనిపిస్తే ర్యామ్‌ను అనుమానించండి. నేను ఒకసారి మూడు పెన్‌డ్రైవ్‌లు మార్చిన తరువాత గానీ ఆ దారి పట్టలేదు. రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడిపి, పొద్దున లేచి చూస్తే తెర నిండా ఎర్రటి గీతలు. రెండు ర్యామ్ పలకల్లో ఒకదాన్ని తీసేయగానే విండోస్ సాఫీగా ఎక్కింది. ర్యామ్ కూడా బాగుంటే డిస్కును మరో కంప్యూటర్‌కు తగిలించి, డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రాములో ‘కరెంట్ పెండింగ్ సెక్టార్ కౌంట్’ చూడండి. అది సున్నా కాకపోతే ఆ డిస్కు మీద ఇంకో గంట కూడా ఖర్చు చేయవద్దు, ఎస్‌ఎస్‌డీ కొనండి.

మొదటి రీస్టార్ట్ తరువాత సెటప్ మళ్లీ భాష అడుగుతున్నదంటే పెన్‌డ్రైవ్ నుంచే మళ్లీ లేచిందన్నమాట; తెర నల్లబడగానే దానిని తీసేయండి. విండోస్ చక్కగా ఎక్కి, మర్నాడు ‘బూట్ డివైస్ లేదు’ అంటున్న ల్యాప్‌టాప్‌లో తేదీ కూడా వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయిందని గ్రహించండి. దానితోపాటు చాలా పాత యంత్రాల్లో లెగసీ, యూఈఎఫ్‌ఐ ఎంపిక కూడా మొదటికి వచ్చేస్తుంది, డిస్కు ఒక పద్ధతిలో ఉండి బూట్ ఇంకో పద్ధతికి మారిపోతుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో అది సీఆర్2032 రకానిది, కొన్నింటిలో చిన్న తీగతో తగిలించి ఉంటుంది.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మద్దతు ముగిసిందని గుర్తుచేసినవారికి కృతజ్ఞతలు. విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత వ్యవస్థ లినక్స్ మింట్‌ను ఆరో పాఠంలో పెట్టుకున్నాను. దానికీ ఈ రెండు వరుసల చిక్కు తప్పదు.

అభ్యాసం: ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా ఈ పని రెండుసార్లు చేయండి. మీడియా క్రియేషన్ టూల్ పెన్‌డ్రైవ్‌తో ముందు ఒక వరుస నుంచి, తరువాత రెండో వరుస నుంచి బూట్ చేసి, రెండుసార్లూ డిస్కు పేజీ దాకా వెళ్లి, పసుపు త్రిభుజం వచ్చిందో లేదో, వస్తే అది ఏమన్నదో అక్షరం పొల్లుపోకుండా కాగితం మీద రాయండి. భాగాల పట్టికలో డిలీట్, ఫార్మాట్ అన్నవాటి జోలికి వెళ్లవద్దు. అదే పేజీలో షిఫ్ట్, ఎఫ్10 నొక్కి డిస్క్‌పార్ట్ తెరిచి ‘లిస్ట్ డిస్క్’ అని మాత్రమే కొట్టండి. మీ డిస్కు వరుసలో చివరనున్న జీపీటీ గడిలో నక్షత్రం గుర్తు ఉంటే అది జీపీటీ డిస్కు, గడి ఖాళీగా ఉంటే ఎంబీఆర్. ఆ సంగతి కూడా రాసుకుని, ‘ఎగ్జిట్’ కొట్టి, ఎర్రటి ఇంటూ గుర్తుతో సెటప్‌ను మూసేయండి. రెండు వరుసలు కనిపించని యంత్రమైతే ఒకే వరుస ఉన్నదని రాయండి, అదీ జవాబే. ఐదో పాఠానికి ఆ కాగితంతోపాటు ఒక ల్యాన్ తీగను కూడా దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే వైఫై డ్రైవర్ లేని స్థితి నుంచే మొదలుపెట్టబోతున్నాము.