ముసురు పట్టినప్పుడు ఇంట్లో బట్టలు ఆరబెట్టడం ఎలా?

పునర్వసు, పుష్యమి కార్తెల్లో ఓరుగల్లు వైపు ముసురు పట్టిందంటే మూడు నాలుగు రోజులు ఎండ పొడ కనిపించదు. తలుపు మీదొక చీర, కుర్చీ మీదొక ప్యాంటు, కిటికీ ఊచలకు సాక్సులు. రెండో రోజుకు ఇల్లంతా ముక్కిన వాసన. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంత వాన ఏటా రాదు. కానీ బట్టలు ఆరకుండా ఆపడానికి అంత వాన అక్కర్లేదు, రోజంతా పడే సన్న తుంపర చాలు.

బట్ట ఆరాలంటే ఎండే ఉండాలని లేదు. బట్టలోని నీళ్లు ఆవిరై గాలిలో కలవాలి, అంతే. ముసురులో గాలి నిండా ముందే తేమ ఉంటుంది కాబట్టి ఆ పని నెమ్మదిగా సాగుతుంది. అందుకే ఉతికిన బట్టలో నీళ్లు వీలైనంత తగ్గించాలి, ప్రతి బట్టకూ గాలి తగిలేలా వేయాలి, ఆ తడి గాలిని ఇంట్లోంచి బయటికి పంపాలి. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. కిటికీలన్నీ మూసి, ఫ్యాన్ ఐదు మీద పెట్టి, ఇంకా ఎందుకు ఆరలేదని చూస్తుంటారు.

ముందు ఏవి ఉతకాలో తేల్చుకోండి

ఆదివారం అన్నీ ఒక్కసారే ఉతికే అలవాటును ముసురు రోజుల్లో పక్కన పెట్టండి. ఏ రోజువి ఆ రోజు, నాలుగైదు జతల చొప్పున ఉతికితే ఒక్క గదిలో సులువుగా ఆరిపోతాయి. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బాయి (బొగ్గు గని) డ్యూటీకి పోయేవాళ్ల ఇళ్లలో బొగ్గు మసి బట్టలు రోజూ ఉతకక తప్పదు. వాళ్లు ఆ జతను ఉతికి, మిగతా బట్టలకు ఒక రోజు ఆగడం మంచిది.

సోలాపూర్ దుప్పట్లు, బొంతలు, జంపఖానాలు ఇప్పుడు ముట్టుకోవద్దు. వరంగల్ కొత్తవాడలో నేసే మందపాటి నూలు దరీని వానాకాలంలో తడిపితే, పైన ఆరినట్టే ఉండి లోపల తడి మిగిలిపోతుంది. దులిపి, మరక ఉన్నచోట తడిగుడ్డతో తుడిచి ఊరుకోండి.

నీళ్లు బాగా పిండాలి

సగం పని ఇక్కడే అయిపోతుంది. ఒక లీటరు నీళ్లు ఆవిరి కావడానికి దాదాపు 0.67 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి కావాలి. సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో డ్రయ్యర్ టబ్ ఐదు నిమిషాలు తిరిగితే అందులో పదో వంతు కూడా కాలదు. కాబట్టి ఒకసారి తిప్పాక బట్టలు తీసి, విదిలించి, అటూ ఇటూ మార్చి సర్ది ఇంకోసారి తిప్పండి. ఫుల్లీ ఆటోమేటిక్ అయితే స్పిన్ ఒక్కటే పెట్టి మళ్లీ నడిపించొచ్చు. పట్టుబట్టలకు, ఉన్నివాటికి ఇది పనికిరాదు.

మెషిన్ లేనివాళ్లు చేత్తో పిండి, బాత్రూంలో కాసేపు వేలాడదీసి నీటి చుక్కలు ఆగాక గదిలోకి తేవాలి. తెల్లారే కావాల్సిన చొక్కా ఉంటే, పొడి టర్కీ టవల్ పరిచి దాని మీద చొక్కా పెట్టి చాపలా చుట్టండి. పైనుంచి మోకాలితో గట్టిగా అదమండి. టవల్ ఎంత తడిసిందో చూస్తే చొక్కాలో ఎన్ని నీళ్లు మిగిలాయో తెలిసిపోతుంది.

దండెం ఎక్కడ కట్టాలి?

ఫ్యాన్ గాలి నేరుగా తగిలే గదిలో, గోడకు కనీసం ఒక జానెడు దూరంగా కట్టండి. గోడకు ఆనుకున్న తడి బట్ట తను ఆరదు సరికదా, సున్నానికి బూజు పట్టిస్తుంది. చిన్నపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు పడుకునే గది వద్దు. బూజు వాళ్లకు మంచిది కాదు.

నైలాన్ తాడు చాలు, ఇనుప తీగ వద్దు. వానాకాలంలో దండెం మీద బట్టలు ఆరేస్తూ కరెంటు షాక్‌తో చనిపోయారన్న వార్త ఏటా ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. సర్వీసు వైరు ఒరుసుకుపోయి ఇనుప దండేనికో, దాన్ని కట్టిన రేకుల షెడ్డు పైపుకో తగిలితే తడి చేతికి షాక్ కొడుతుంది. ఇంట్లో కట్టినా సరే, స్విచ్‌బోర్డులకు, వేలాడే వైర్లకు దూరంగా ఉండాలి. గోడకో పైపుకో చెయ్యి తగిలినప్పుడు జిల్లుమంటే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. బయటి లైన్‌తో అనుమానం ఉంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

గాలి ఎటు నుంచి ఎటు పోవాలి?

ఒక వైపు కిటికీ, ఎదురు వైపు తలుపో వెంటిలేటరో కొంచెం తెరిచి ఉంచి, మధ్యలో ఫ్యాన్ వేయండి. జల్లు లోపలికి కొడితే సజ్జ ఉన్న వైపు కిటికీ తెరవండి. హన్మకొండలో అద్దె పోర్షన్లకు, స్టూడెంట్ రూములకు చాలాసార్లు ఒకటే కిటికీ ఉంటుంది. అలాంటి చోట టేబుల్ ఫ్యాన్‌ను బట్టల వెనక పెట్టి, గాలి బట్టల మధ్య నుంచి కిటికీ వైపు పోయేలా తిప్పండి. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంటే అదీ వేయండి. కరెంటు బిల్లు గురించి టెన్షన్ పడక్కర్లేదు. 75 వాట్ల పాత ఫ్యాన్ ఎనిమిది గంటలు తిరిగితే 0.6 యూనిట్, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్ అయితే పావు యూనిట్‌కు అటూ ఇటూ.

ఎండాకాలం అయిపోయాక మూలన పెట్టిన కూలర్ ఇప్పుడు బాగా పనికొస్తుంది. టబ్బులో నీళ్లు లేకుండా తీసేసి, పంపు స్విచ్ ఆపి, గడ్డి ప్యాడ్లు విప్పి పక్కన పెట్టి, ఉత్త ఫ్యాన్‌గా నడపండి. టేబుల్ ఫ్యాన్ కన్నా జోరుగా కొడుతుంది. ఇనుప బాడీ కూలర్‌కు ఎర్తింగ్ సరిగ్గా ఉంటేనే వాడండి. వానకు తడిసే చోట, కిటికీ బయట బిగించిన కూలర్ జోలికి పోవద్దు. ఏసీ ఉన్నవాళ్ల పని సులువు. తలుపులు మూసి డ్రై మోడ్‌లో పెడితే గదిలోని తేమ నీళ్లుగా మారి పైపు గుండా బయటికి పోతుంది.

గ్యాస్ పొయ్యి మీద తాడు కట్టడం మాత్రం ఏ ఇంట్లోనూ చేయకూడని పని. బట్ట జారి పడితే మంటే. పైగా గ్యాస్ మండినప్పుడు కూడా నీటి ఆవిరి పుడుతుంది, అంటే గదిలో తేమ ఇంకా పెరుగుతుంది. రూమ్ హీటర్ మీద బట్టలు పరవడమూ అంతే ప్రమాదం.

ఏ బట్ట ఎలా వేయాలి?

బట్టకూ బట్టకూ మధ్య నాలుగు వేళ్ల సందు ఉండాలి. చోటు లేదని ఒకదాని మీద ఒకటి వేస్తే రెండూ ఆరవు.

చొక్కాలు గుండీలు విప్పి, కాలర్ లేపి హ్యాంగర్‌కు తగిలించండి. జీన్స్‌ను తిరగేసి, జేబులు బయటికి లాగి, జిప్పు తెరిచి, నడుము దగ్గర నాలుగు క్లిప్పులతో గుండ్రంగా వేలాడదీస్తే లోపల కూడా గాలి ఆడుతుంది. నూలు చీర, లుంగీ, బెడ్‌షీట్లకు ఒక తాడు సరిపోదు. జానెడు దూరంలో రెండు తాళ్లు కట్టి వాటి మీదుగా వేస్తే రెండు పొరలు అంటుకోవు. మూడు నాలుగు గంటలకోసారి తిప్పి వేయండి, తడి ఎప్పుడూ కింది అంచుకే దిగుతుంది.

పిల్లల యూనిఫాం కొంచెం తడిగా ఉండగానే ఇస్త్రీ చేయండి. నూలుబట్టకైతే ఆ తడే మడతలు పోవడానికి సాయం చేస్తుంది. తర్వాత పావుగంట ఫ్యాన్ కింద ఉంచి మడత పెట్టాలి. నీళ్లు కారే బట్ట మీద ఇస్త్రీ పెట్టకండి.

వాసన వచ్చేస్తే?

తడి బట్టల్లో పెరిగే సూక్ష్మజీవులే ఆ వాసనకు కారణం. వాటిలో ముఖ్యమైనది మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అని జపాన్ పరిశోధకులు 2012లో గుర్తించారు. బట్ట ఎంతసేపు తడిగా ఉంటే అవి అంత పెరుగుతాయి. సెంటు కొడితే రెండు వాసనలు కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది. రంగు పోని నూలుబట్టలైతే వేడినీళ్లలో నానబెట్టి మళ్లీ ఉతకండి. జాడించే నీళ్లలో అరకప్పు తెల్ల వెనిగర్ కలపొచ్చు. కానీ బ్లీచింగ్ వాడిన బట్టలకు వెనిగర్ కలపొద్దు, విష వాయువు వస్తుంది. సర్ఫ్ ఎక్కువేస్తే ఎక్కువ శుభ్రమవుతుందన్నది అపోహ. జాడింపులో పోని సబ్బు జిడ్డు వాసనను పట్టి ఉంచుతుంది. ఉతకడం అయిపోయిన బట్టలను మెషిన్‌లోనే వదిలేసి పడుకోవద్దు.

బీరువాలో పెట్టేముందు కాలర్, నడుము పట్టీ, జేబుల మూలలు చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. అలాంటి ఒక్క ప్యాంటు లోపలికి పోతే పక్కనున్న పట్టుచీరలకూ వాసన అంటుతుంది. ఆ రాత్రికి దాన్ని హ్యాంగర్ మీదే వదిలేయండి.