నిరుత్సాహం: ఎక్కడ వాడాలి, ఎలా వాడాలి

'నిరుత్సాహం' అనే మాటను సరిగా వాడాలంటే ముందుగా అందులో ఉన్న 'ఉత్సాహం' సంగతి తెలియాలి. కావ్యాల అందాన్ని చర్చించే అలంకారశాస్త్రంలో వీరరసానికి స్థాయీభావం, అంటే ఆ రసానికి మూలమై నిలిచే భావం, ఉత్సాహమే. ఉత్సాహం అంటే పనికి పూనుకునే ఊపు. ఆ ఊపు సన్నగిల్లడమే నిరుత్సాహం కనుక, ఏదో ఒక పని తలపెట్టినవారి విషయంలోనే ఈ మాట అతుకుతుంది. ఆప్తులను పోగొట్టుకున్నవారు 'నిరుత్సాహంగా ఉన్నారు' అని రాస్తే వెలితిగానే కాక, కొంత అమర్యాదగా కూడా ఉంటుంది.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చిన రైతును ఊహించండి. అనుకున్న ధర పలకకపోతే అతనికి కలిగేది నిరాశ. ఆ ధర విన్నాక వచ్చే ఏడు మళ్లీ మిర్చి వేయడానికి మనసు రాకపోతే అది నిరుత్సాహం. ఇక దేనిమీదా ఆసక్తి లేని స్థితికి చేరితే నిస్పృహ. ఈ చివరి మాట కథ వింతైనది: సంస్కృతంలో స్పృహ అంటే కోరిక కాబట్టి, భగవద్గీత రెండో అధ్యాయం 71వ శ్లోకంలో 'నిఃస్పృహః' అనేది కోరికలు విడిచి శాంతి పొందినవాడికి దక్కిన ప్రశంస; తెలుగులోకి వచ్చేసరికి అదే మాట దిగులుకు పేరైంది.

'ధర విని రైతు నిరుత్సాహపడ్డాడు', 'ధర రైతును నిరుత్సాహపరిచింది' అనే రెండు వాక్యాలూ సరైనవే. అనువాదాల్లో తరచు కనిపించే 'ధర చేత రైతు నిరుత్సాహపరచబడ్డాడు' మాత్రం తెలుగు చెవికి ఇంపుగా ఉండదు. 'చూసి', 'విని', 'తెలిసి' అనే మాటలు ఉండగా ఆ 'చేత', 'బడు'ల అవసరమే లేదు. సున్నాకే ఔటైన బ్యాటర్ 'నిరాశపరిచాడు' అని క్రీడావార్తల్లో రాయడం ఒప్పే, ఎందుకంటే ఆశ పెట్టుకున్నది ప్రేక్షకులు. అక్కడ 'నిరుత్సాహపరిచాడు' అంటే అర్థం పక్కకు పోతుంది.

ఇళ్లలో, వీధుల్లో ఈ మాట పలికేవారు తక్కువ; 'డీలా పడ్డాడు' అంటారు. 'ఉసూరుమంటూ ఇంటికొచ్చాడు' అన్నప్పుడు నిట్టూర్పుతో పాటు వట్టి చేతులతో తిరిగి రావడం కూడా వినిపిస్తుంది. 'నీరుగారు' వాడేటప్పుడు కొంచెం జాగ్రత్త పడాలి: పత్రికలు చట్టాలను, పథకాలను 'నీరుగార్చారు' అని రాసి రాసి ఆ మాటను 'బలహీనపరచడం' అనే అర్థంలో స్థిరపరిచాయి కనుక, 'నన్ను నీరుగార్చాడు' అనడం కంటే 'నా ఉత్సాహాన్ని నీరుగార్చాడు' అనడం మేలు.