యూజర్ మోడ్ లినక్స్ బిల్డ్ అయింది కానీ బూట్ కావట్లేదా? ఎక్కడ చూడాలి, ఏం మార్చాలి

పోయిన ఆదివారం పొద్దున్నే పక్క రూమ్ తమ్ముడు లాప్‌టాప్ చంకన పెట్టుకొని వచ్చాడు. "అన్నా, కెర్నెల్ పానిక్ అంటోంది, నా లాప్‌టాప్ పోయినట్టేనా?" లాప్‌టాప్‌కి ఏం కాలేదు. పానిక్ అయింది (అంటే ఇక నడవలేనని ఆగిపోయింది) దాని కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, కాదు, దాని మీద మామూలు ప్రోగ్రామ్‌లా నడుస్తున్న ఇంకో కెర్నెల్. ఎస్ఆర్ నగర్‌లో మా హాస్టల్ నిండా ఇలాంటివాళ్లే: అమీర్‌పేటలో లినక్స్ డ్రైవర్ల కోర్సు, చేతిలో 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, వర్చువల్ మెషీన్ ఆన్ చేయాలంటే ముందు బ్రౌజర్ మూసేయాలి. అందుకే వాళ్లకి, ఇలా కెర్నెల్‌ని మామూలు ప్రోగ్రామ్‌లా నడిపే యూజర్ మోడ్ లినక్స్ వాడమని చెబుతుంటా.

జెఫ్ డైక్ 1999లో మొదలుపెట్టిన పని ఇది. 2.6 సిరీస్ నుంచి కెర్నెల్ సోర్సులోనే ఉంది, విడిగా ప్యాచ్ వేయాల్సిన పని లేదు. కెర్నెల్ మొత్తం లినక్స్ అనే ఒక్క ఎగ్జిక్యూటబుల్‌గా తయారవుతుంది, నడపడానికి రూట్ (అడ్మిన్ అధికారం) అక్కర్లేదు, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేయక్కర్లేదు, పాడైతే ప్రాసెస్‌ని చంపేసి మళ్లీ మొదలుపెట్టడమే.

తంటా అంతా కాన్ఫిగరేషన్‌తోనే. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావరకు ఒకటే కథ, ఆప్షన్ పెట్టామనుకుంటారు, తీరా చూస్తే బైనరీలోకి అది వెళ్లనే లేదు. కాబట్టి ఏ సమస్యకైనా ముందు చేయాల్సింది: డాట్ స్లాష్ లినక్స్ అని కొట్టి పక్కన రెండు గీతలతో షోకాన్ఫిగ్ అని ఇవ్వండి. ఆ బైనరీ ఏ కాన్ఫిగ్‌తో తయారైందో మొత్తం కక్కేస్తుంది. డాట్ కాన్ఫిగ్ ఫైల్ మీరు తర్వాత మార్చి ఉండొచ్చు, ఇది మాత్రం అబద్ధం చెప్పదు. (పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాశాను, టెర్మినల్లో ఇంగ్లిష్‌లోనే కొట్టాలి. ఆప్షన్ పేర్ల ముందు కాన్ఫిగ్ అండర్‌స్కోర్ ఉంటుంది.)

మేక్ కొట్టగానే ప్రశ్నల వర్షం, లేదా గంటసేపు బిల్డ్ అయినా లినక్స్ అనే ఫైలే లేదు

కారణం: ఆర్క్=యుఎం (బిల్డ్ లాప్‌టాప్ కోసం కాదు, యూజర్ మోడ్ కోసమని చెప్పే మాట) మర్చిపోయారు. డెఫ్‌కాన్ఫిగ్ (సిద్ధంగా ఉన్న కాన్ఫిగ్ తెచ్చే కమాండ్) చేసేటప్పుడు ఇచ్చి, తర్వాత ఉత్త మేక్ కొడితే, అది మీ లాప్‌టాప్ ఆర్కిటెక్చర్ అనుకుంటుంది. యుఎం కాన్ఫిగ్‌లో లేని ఎక్స్86 ఆప్షన్లన్నీ దానికి కొత్తవే, అందుకే ఒక్కొక్కటీ పెట్టాలా వద్దా అని అడుగుతూ పోతుంది. మా తమ్ముడు ఎంటర్ కీ మీద వేలు పెట్టి అలాగే నొక్కి పట్టుకున్నాడట, అది ప్రశ్నలడగడం ఆపి బిల్డ్ మొదలుపెట్టింది, ఇతను టిఫిన్‌కి వెళ్లి ఇడ్లీ తిని వచ్చినా అవుతూనే ఉంది.

ఎలా కనిపెట్టాలంటే, డాట్ కాన్ఫిగ్ ఫైల్లో మూడో లైన్ చూడండి. లినక్స్ స్లాష్ యుఎం అని ఉంటే సరే, లినక్స్ స్లాష్ ఎక్స్86 అని ఉంటే ఫైల్ చేతులు మారినట్టే. మెనూకాన్ఫిగ్ (ఆప్షన్లు ఎంచుకునే మెనూ) తెర పైభాగంలో టైటిల్ కూడా ఇదే చెబుతుంది.

ఏం చేయాలి: మేక్ ఆర్క్=యుఎం ఎంఆర్‌ప్రాపర్, తర్వాత మేక్ ఆర్క్=యుఎం డెఫ్‌కాన్ఫిగ్, తర్వాత మేక్ ఆర్క్=యుఎం. ఆర్క్ పెద్దక్షరాల్లో ఉండాలి. ఒక్కమాట, ఎంఆర్‌ప్రాపర్ మీ డాట్ కాన్ఫిగ్‌ని కూడా తుడిచేస్తుంది, రెండు రోజులు కూర్చొని పెట్టుకున్న ఆప్షన్లు ఉంటే ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి, నేనొకసారి పోగొట్టుకున్నాను. ప్రతిసారీ టైప్ చేయడం బద్ధకమైతే ఆ టెర్మినల్లో ఆర్క్‌ని ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. కానీ బ్యాష్ఆర్‌సీలో మాత్రం పెట్టొద్దు, రేపు హోస్ట్ (మీ అసలు లాప్‌టాప్) కోసం ఏదైనా మాడ్యూల్ బిల్డ్ చేసేటప్పుడు అదే మిమ్మల్ని ముంచుతుంది.

ఆప్షన్‌కి వై పెట్టాను, మేక్ అయ్యాక చూస్తే లేదు

డాట్ కాన్ఫిగ్‌ని ఎడిటర్‌లో తెరిచి చేత్తో రాసేవాళ్లందరికీ తగిలే దెబ్బ ఇది (వై అంటే కెర్నెల్లోనే కలపడం, ఎం అంటే విడి ముక్కగా, అంటే మాడ్యూల్‌గా పెట్టడం, ఎన్ అంటే వద్దని). ఒక ఆప్షన్ ఇంకోదాని మీద ఆధారపడి ఉంటే, ఆ రెండోది ఆన్‌లో లేకపోతే, మీరు రాసిన లైన్‌ని బిల్డ్ నోరు మెదపకుండా తీసి పారేస్తుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్ కూడా రాదు. స్క్రిప్ట్స్ ఫోల్డర్లో ఉన్న కాన్ఫిగ్ స్క్రిప్ట్‌తో పెట్టినా అంతే, అది కూడా డిపెండెన్సీలు చూడదు, చెప్పింది రాసేసి ఊరుకుంటుంది.

మెనూకాన్ఫిగ్ తెరిచి స్లాష్ నొక్కి ఆప్షన్ పేరు కొట్టండి. డిపెండ్స్ ఆన్ అని ఒక వరుస వస్తుంది, ప్రతి పేరు పక్కన దాని ప్రస్తుత విలువ ఉంటుంది, ఎన్ అని ఉన్నదే మీ దొంగ. దాన్ని ఆన్ చేసి వెనక్కి రండి. యుఎంలో ఇది ఎక్కువగా హార్డ్‌వేర్ డ్రైవర్ల దగ్గర తగులుతుంది, ఎందుకంటే మామూలుగా ఇక్కడ నిజమైన పీసీఐ బస్సూ లేదు, ఐఓ మెమరీ కూడా లేదు. కోర్సులో చెప్పిన పీసీఐ డ్రైవర్ మెనూలో కనబడట్లేదంటే మీ తప్పేం కాదు, అసలు దానికి ఇక్కడ నిలబడే చోటే లేదు. విర్ట్‌ఐఓ మీద పీసీఐ చూపించే ఆప్షన్ ఒకటి తర్వాత వచ్చింది కానీ, నేర్చుకోవడానికైతే క్యారెక్టర్ డ్రైవర్లు, ఫైల్ సిస్టమ్, షెడ్యూలర్ లాంటివి చాలు, వాటికి పీసీఐతో పని లేదు.

రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ చేయలేనని పానిక్

తమ్ముడు పట్టుకొచ్చింది ఇదే. అతనేం చేశాడంటే, హోస్ట్ బూట్ ఫోల్డర్లో ఉన్న కాన్ఫిగ్‌ని తెచ్చి డాట్ కాన్ఫిగ్ అని పేరు పెట్టి, కొత్త ఆప్షన్లకి డిఫాల్ట్ విలువలు నింపే ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్ కొట్టాడు. నా సిస్టమ్ బూట్ అవుతున్న కాన్ఫిగే కదా, ఇదీ అవుతుందని లెక్క. లెక్క బాగానే ఉంది కానీ రెండు చోట్ల తప్పింది.

పానిక్ లైన్ చివర అన్‌నోన్ బ్లాక్ అని, బ్రాకెట్లో రెండు అంకెలు ఉంటాయి. టెన్షన్‌లో అందరూ పానిక్ అన్న మాట దగ్గరే ఆగిపోతారు, అసలు విషయం ఆ అంకెల్లో ఉంది.

అక్కడ 0,0 ఉంటే కెర్నెల్‌కి డిస్కే కనబడలేదని అర్థం. యుఎంలో డిస్క్ అంటే హోస్ట్ మీద ఉన్న ఒక ఇమేజ్ ఫైల్, దాన్ని డిస్క్‌లా చూపించేది యుబిడి డ్రైవర్, దాని ఆప్షన్ బిఎల్‌కే డెవ్ యుబిడి. ఇది యుఎంకి మాత్రమే ఉన్న ఆప్షన్, హోస్ట్ కాన్ఫిగ్‌లో ఎక్కడి నుంచి వస్తుంది? డివైస్ డ్రైవర్స్ కింద బ్లాక్ డివైసెస్‌లో వై పెట్టి మళ్లీ బిల్డ్ చేయండి. డ్రైవర్ ఉండి కూడా 0,0 వస్తే కమాండ్ లైన్ చూడండి: యుబిడి0= తర్వాత ఇమేజ్ ఫైల్ దారి, రూట్= తర్వాత డెవ్ స్లాష్ యుబిడిఏ ఉండాలి. ఇమేజ్ లోపల పార్టిషన్లు ఉంటే యుబిడిఏ1. పైన లాగ్‌లో ఎర్రర్‌నో 2 కనిపిస్తే ఫైల్ పేరో దారో తప్పు రాశారు, కెర్నెల్‌ని తిట్టుకోకండి.

98,0 ఉంటే కథ వేరు. 98 అన్నది యుబిడి మేజర్ నంబర్ (డ్రైవర్‌ని గుర్తుపట్టే అంకె). అంటే డిస్క్ దొరికింది, దాని మీద ఉన్న ఫైల్ సిస్టమ్ చదవడం రావట్లేదు. పానిక్ పైన ఉన్న పార్టిషన్ల జాబితాలో 6200 అని కనబడుతుంది, కంగారు పడొద్దు, 98ని హెక్సాడెసిమల్‌లో రాస్తే 62. ఇక్కడ సాధారణ కారణం ఈఎక్స్‌టీ4 ఆప్షన్ ఎం అని ఉండటం. హోస్ట్‌లో అలా ఉన్నా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ ఇనిట్‌ఆర్‌డి (బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న ఫైల్ సిస్టమ్) ముందే వచ్చి మాడ్యూల్ ఎక్కిస్తుంది. మీరు ఇక్కడ ఇనిట్‌ఆర్‌డి ఇవ్వలేదు. మాడ్యూల్ ఉన్నది డిస్క్ లోపల, డిస్క్ తెరవాలంటే ఆ మాడ్యూల్ కావాలి, తాళంచెవి బీరువాలో పెట్టి తాళం వేసినట్టు. ఈఎక్స్‌టీ4ని వై చేయండి. అంతే.

హోస్ట్ కాన్ఫిగ్ కాపీ చేయడం మానేసి డెఫ్‌కాన్ఫిగ్‌తో మొదలుపెడితే ఈ రెండు గొడవలూ ఉండవు, బిల్డ్ కూడా చాలా త్వరగా అయిపోతుంది.

ఇనిట్ దొరకలేదంటోంది

రూట్ మౌంట్ అయ్యాక, మొదటి ప్రోగ్రామ్ అయిన ఇనిట్‌ని నడపబోతే వచ్చే పానిక్ ఇది. ఎర్రర్ -8 కనిపిస్తే బైనరీ ఫార్మాట్ తేడా: 64 బిట్ యుఎం 32 బిట్ ప్రోగ్రామ్‌లను నడపదు, పాత ట్యుటోరియల్ నుంచి 32 బిట్ ఇమేజ్ దించుకున్నవాళ్లకి ఇదే వస్తుంది. టైనీకాన్ఫిగ్‌తో మొదలుపెట్టినవాళ్లయితే బిన్‌ఎఫ్ఎంటీ ఈఎల్ఎఫ్, బిన్‌ఎఫ్ఎంటీ స్క్రిప్ట్ రెండూ షోకాన్ఫిగ్‌లో ఉన్నాయేమో చూడండి. సిస్టమ్‌డి ఉన్న ఇమేజ్‌కి సీగ్రూప్స్, డెవ్‌టీఎంపీఎఫ్ఎస్, టీఎంపీఎఫ్ఎస్, యునిక్స్ సాకెట్లు కూడా కావాలి.

మొదటి పది లైన్లకే ఆగిపోతోంది, లేదా కాసేపు నడిచి బస్ ఎర్రర్

ఇందులో బిల్డ్ ఆప్షన్ల తప్పేం లేదు, కానీ జనం బిల్డ్‌నే మళ్లీ మళ్లీ చేస్తూ రోజంతా పోగొట్టుకుంటారు కాబట్టి చెబుతున్నా. యుఎం తన ర్యామ్‌ని హోస్ట్ మీద ఒక తాత్కాలిక ఫైల్‌గా పెట్టుకుంటుంది, మామూలుగా డెవ్ కింద ఉన్న ఎస్‌హెచ్ఎంలో. ఆ చోటు నోఎగ్జిక్‌గా (అక్కడి ఫైళ్లను ప్రోగ్రామ్‌లా నడపనివ్వకుండా) మౌంట్ అయి ఉంటే, ప్రాట్ ఎగ్జిక్ చెక్ దగ్గరే ఫెయిల్ అయ్యానని చెప్పి ఆగిపోతుంది. రెండోది, చోటు చాలకపోవడం. ఆ ఫైల్ మొదట ఖాళీగా కనిపిస్తుంది, వాడే కొద్దీ నిండుతుంది, కాబట్టి మెమ్=1జి అని ఇచ్చినప్పుడు బూట్ బాగానే అవుతుంది, ఏ కంపైలేషనో మొదలుపెట్టాక ఒక్కసారిగా కూలుతుంది.

డాకర్‌లో నడిపేవాళ్లకి ఈ రెండూ కలిసి వస్తాయి, అక్కడ ఎస్‌హెచ్ఎం మామూలుగా 64 ఎంబీయే, పైగా నోఎగ్జిక్. మాదాపూర్‌లో పనిచేసే నా ఫ్రెండ్ ఒకడు కంటైనర్‌లో ఎస్‌హెచ్ఎం సైజ్ పెంచి, ఇంకా ఎందుకు పోవట్లేదని రాత్రి పదకొండుకి ఫోన్ చేశాడు. సైజ్ పెంచితే నోఎగ్జిక్ పోదు కదా. టీఎంపీఎఫ్ఎస్ ఆప్షన్‌తో ఎగ్జిక్, సైజ్ రెండూ ఇచ్చి మౌంట్ చేయాలి. లేదా టీఎంపీడిఐఆర్ వేరియబుల్‌ని చోటు ఉన్న వేరే ఫోల్డర్‌కి చూపిస్తే చాలు, డిస్క్ మీద అయితే కాస్త నెమ్మదిగా నడుస్తుంది.

బూట్ మెసేజ్‌లు వచ్చాయి, లాగిన్ మాత్రం రాలేదు

ఇమేజ్‌లో లాగిన్ టీటీవై1 మీద పెట్టి ఉంటుంది, మీ టెర్మినల్ కలిసి ఉన్నది టీటీవై0కి. ఇమేజ్ ముట్టుకోకుండా సరిచేయాలంటే కమాండ్ లైన్లో కాన్1=ఎఫ్‌డి:0,ఎఫ్‌డి:1 అని, కాన్0=నల్,ఎఫ్‌డి:2 అని ఇవ్వండి. ఎక్స్‌టర్మ్ విండోలు వరసగా తెరుచుకుంటుంటే, లేదా సర్వర్ మీద ఎక్స్‌టర్మ్ లేదని గోల చేస్తుంటే, కాన్ చాన్ ఆప్షన్‌లో ఎక్స్‌టర్మ్ అని ఉన్నట్టు. దాన్ని పీటీఎస్ చేయండి, రీబిల్డ్‌కి ఓపిక లేకపోతే కమాండ్ లైన్లో కాన్=పీటీఎస్ చాలు.

మాడ్యూల్ కనబడట్లేదు

మోడ్‌ప్రోబ్ (మాడ్యూల్ ఎక్కించే కమాండ్) ఫేటల్ అంటే మాడ్యూల్స్ ఇమేజ్‌లోకి వెళ్లలేదు. ఇమేజ్‌ని లూప్ మౌంట్ చేసి, ఇన్‌స్టాల్ మాడ్ పాత్ ఆ ఫోల్డర్‌కి చూపించి మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేయాలి. ఇక్కడో గోతి ఉంది: దీనికి సుడో కావాలి, సుడో మీరు ఎక్స్‌పోర్ట్ చేసిన ఆర్క్‌ని తీసుకెళ్లదు. సుడో మేక్ తర్వాత ఆర్క్=యుఎం మళ్లీ రాయాల్సిందే. యుఎం నడుస్తుండగా అదే ఇమేజ్‌ని హోస్ట్‌లో మౌంట్ చేయకండి, ఫైల్ సిస్టమ్ పాడవుతుంది.

నాకైతే ఇదంతా చాదస్తం అనిపిస్తుంది. హోస్ట్‌ఎఫ్ఎస్‌ని వై చేసుకుంటే లోపలి నుంచే మౌంట్ టైప్ హోస్ట్‌ఎఫ్ఎస్ అని చెప్పి లాప్‌టాప్ ఫోల్డర్‌ని నేరుగా చూడొచ్చు. డ్రైవర్ కోడ్ బయట కంపైల్ చేయడం, లోపల ఇన్‌స్‌మాడ్ కొట్టడం, రోజుకి యాభైసార్లు చేసినా ఇమేజ్ ముట్టుకునే పనే ఉండదు.

నెట్ లేదు, లో (సిస్టమ్ తనతో తానే మాట్లాడుకునే ఇంటర్‌ఫేస్) ఒక్కటే ఉంది

ఆన్‌లైన్‌లో దొరికే ట్యుటోరియల్స్‌లో ఎక్కువ భాగం ఈటీహెచ్0=టన్‌ట్యాప్ అని రాసుకొస్తాయి. ఆ పాత పద్ధతులను కొత్త కెర్నెళ్లలో తీసేశారు. యుఎంఎల్ నెట్ వెక్టర్ ఆప్షన్ పెట్టి, వెక్0:ట్రాన్స్‌పోర్ట్=ట్యాప్,ఇఫ్‌నేమ్=ట్యాప్0 అని ఇవ్వండి, ట్యాప్0ని (హోస్ట్ వైపు ఉండే వర్చువల్ నెట్ ఇంటర్‌ఫేస్) హోస్ట్‌లో ముందే మీ యూజర్ పేరు మీద తయారు చేసుకోవాలి, రూట్ కావాల్సింది ఆ ఒక్కసారికే. లోపల ఇంటర్‌ఫేస్ పేరు వెక్0, ఈటీహెచ్0 కోసం వెతికి వెతికి విసుగెత్తినవాళ్లని చూశాను.

జీడీబీలో పెడితే క్షణానికోసారి సెగ్‌ఫాల్ట్

జీడీబీ (డీబగ్గర్) చూపించే ఇది బగ్ కాదు. లోపలి కెర్నెల్‌కి పేజ్ ఫాల్ట్ అంటే బయట సిగ్‌సెగ్‌వి సిగ్నలే. జీడీబీలో హ్యాండిల్ సిగ్‌సెగ్‌వి పాస్ నోస్టాప్ నోప్రింట్ అని ఒకసారి, సిగ్‌యుఎస్‌ఆర్1కి కూడా అలాగే ఒకసారి చెప్పండి. డీబగ్ ఇన్ఫో ఆప్షన్ ఆన్‌లో లేకపోతే మాత్రం సోర్స్ లైన్లు కనబడవు, మళ్లీ షోకాన్ఫిగ్.

ఇక పానిక్ తర్వాత టెర్మినల్లో ఏం కొట్టినా అక్షరాలు కనబడకపోతే కీబోర్డ్ పోయిందని అనుకోకండి, యుఎం వెళ్తూ వెళ్తూ టెర్మినల్ సెట్టింగ్స్‌ని అలాగే వదిలేసింది. కనబడకపోయినా ఎస్‌టీటీవై సేన్ అని గుడ్డిగా కొట్టి ఎంటర్ నొక్కండి, వెనక్కి వస్తుంది. తమ్ముడికి ఈ సంగతి నేను చెప్పేలోపే అతను లాప్‌టాప్ రెండుసార్లు రీస్టార్ట్ చేసేశాడు.